మోటుపల్లి అభయప్రదాత కాకతి గణపతిదేవుడు

కాకతి గణపతిదేవ చక్రవర్తి పేరు వినగానే చరిత్రాధ్యయనపరులకు స్ఫురించేవి ఆయన దిగ్విజయాలు, ఓరుగల్లు కోట, కుమార్తె రుద్రమదేవికి రాజ్యభారం అప్పగించిన సాహసం. క్రీ.శ. 1199 మొదలు 1262 వరకు సుమారు అరువదిమూడేండ్ల కాలం ఆంధ్రదేశాన్ని ఏలిన ప్రభువు ఆయన. అంత దీర్ఘకాలం రాజ్యం చేసిన ఆంధ్రరాజులు అరుదు. ఆ పరిపాలనలో వెలువడిన శాసనాలలో అధికభాగం దేవాలయ ప్రతిష్ఠలను, భూదానాలను, తటాక నిర్మాణాలను, సేనానుల పరాక్రమాలను వర్ణించేవే. వాటి నడుమ ఒక్క శాసనం మాత్రం తుఫానుకు చిక్కి పగిలిన ఓడలను గురించి, ఒడ్డున పడిన పరదేశి వర్తకుల సరకును గురించి మాట్లాడుతుంది. అదే మోటుపల్లి అభయశాసనం. గణపతిదేవుని జీవితాన్ని ఆ శాసనం వైపునుంచి పరిశీలించినపుడు, మధ్యయుగంలో పట్టణాలు ఎట్లా పెరిగాయో, ఎందుకు తరిగాయో తెలుసుకొనడానికి ఒక స్పష్టమైన ఆధారం లభిస్తుంది.

మధ్యయుగ భారతదేశంలో నగరాల ఉత్థానపతనాలు చరిత్రకారుల నడుమ చాలాకాలంగా చర్చనీయాంశాలు. గుప్తయుగం నాటినుంచి ప్రాచీన నగరాలు క్రమంగా శిథిలమైనవని, దూరదేశ వాణిజ్యం సన్నగిల్లినదని, క్రీస్తుశకం పదకొండవ శతాబ్దం నాటికి గాని పట్టణజీవనం తిరిగి పుంజుకొనలేదని ఆచార్య రామశరణ్ శర్మ 1987లో ప్రకటించిన గ్రంథంలో ప్రతిపాదించారు. ఆలయాలు, సంతలు, ప్రాంతీయ రాజధానులు కేంద్రాలుగా కొత్త తరహా పట్టణాలు ఆ నడిమి కాలంలోనే మొలకెత్తినవని బ్రజదులాల్ చట్టోపాధ్యాయ వంటి విద్వాంసులు వాదించారు. ఈ రెండు మతాలకూ కృష్ణాతీరంలో ఉదాహరణలు ఉన్నవి. శాతవాహనుల కాలంలో మహానగరంగా వెలిగిన ధాన్యకటకం తరువాతి శతాబ్దాలలో పూర్వవైభవాన్ని కోల్పోయినది. పదకొండు, పన్నెండు శతాబ్దాలలో చందవోలు, మోటుపల్లి వంటి కొత్తపేర్లు శాసనాలలోకి ఎక్కినవి. గణపతిదేవుడు సింహాసనమెక్కేనాటికి తీరాంధ్రంలో ఆ వికాసం మొదలై ఉన్నది. దానిని లోపలి భూభాగంతో కలిపి స్థిరపరచినవాడు ఆయన.

బాల్యం, బంధనం, విడుదల

గణపతిదేవుని తండ్రి మహాదేవుడు, తల్లి బయ్యమాంబ. పెదతండ్రి రుద్రదేవుడు అనుమకొండలో వేయిస్తంభాల గుడి నిర్మించి, 1163లో కాకతీయుల స్వాతంత్ర్యాన్ని చాటిన వీరుడు. పడమట దేవగిరిని ఏలే యాదవులతో కాకతీయులకు వైరం ప్రబలింది. ఆ పోరులో మొదట రుద్రదేవుడు, కొద్ది సంవత్సరాల వ్యవధిలో మహాదేవుడు నేలకొరిగారు. యువకుడైన గణపతిదేవుడు యాదవరాజు జైతుగి చేతికి చిక్కి బందీ అయ్యాడు. ఒక రాజవంశం ఇంతకంటె దీనమైన స్థితికి రావడం కష్టం. రాజు హతుడు, వారసుడు శత్రువు చెరలో, సామంతులు ఎవరికి వారు తలలెత్తే అదను.

ఆ సంకట సమయంలో రాజ్యం చెదిరిపోకుండా నిలిపినవాడు రేచర్ల రుద్రసేనాని. పాలంపేటలో నేటికీ రామప్పగుడి పేరుతో నిలిచి ఉన్న ఆలయాన్ని 1213లో ప్రతిష్ఠించినది ఈ రుద్రుడే. స్వామి లేని రాజ్యాన్ని స్వామికోసం కాపాడిన విశ్వాసపాత్రుడుగా ఆయనను చరిత్రకారులు కొనియాడుతారు. కొంతకాలానికి జైతుగి గణపతిదేవుణ్ణి విడిచిపెట్టి, ఆంధ్రరాజ్యానికి తిరిగి అధిపతిని చేశాడు. యాదవుల పక్షాన వెలసిన రచనలు దీనిని ఆ రాజు కరుణకు నిదర్శనంగా చెప్పుకొన్నవి. దక్షిణాన హొయసలులతో పోరాడవలసిన యాదవులకు తూర్పున స్నేహితుడైన రాజు ఉండడం అవసరమని, విడుదల వెనుక రాజనీతి ఉన్నదని ఆధునిక చరిత్రకారుల అభిప్రాయం. కారణమేదైనా, 1199 నాటికి గణపతిదేవుడు ఓరుగల్లు రాజ్యానికి ప్రభువుగా ఉన్నాడు. ఆ తరువాత ఆయన జీవితకాలంలో యాదవులతో చెప్పుకోదగిన యుద్ధం లేదు. పడమటి సరిహద్దు నెమ్మదించడం వల్లనే ఆయన దృష్టి తూర్పుసముద్రం వైపు మళ్లగలిగినది.

సముద్రానికి దారి

కాకతీయుల మూలస్థానం మెట్టభూముల తెలంగాణం. అక్కడినుంచి సముద్రానికి పోవాలంటే కృష్ణాతీరం వెంట దిగాలి. ఆ దారిలో నతవాడి ప్రభువులు, ధరణికోట కోటవంశీయులు, వెలనాటి చోడులు, నదీముఖంలో దివిసీమను ఏలే అయ్య వంశంవారు ఉన్నారు. పన్నెండవ శతాబ్దంలో తీరాంధ్రంపై వెలనాటి చోడుల పెత్తనం సాగింది. వారి రాజధాని చందవోలు. శాసనాలలో ధనదపురం అని పేరు. ధనదుడనగా కుబేరుడు. కుబేరుని పేరు పెట్టుకొన్న పట్టణంలో వర్తకసంపద ఎంతటిదో ఊహించవచ్చు. పన్నెండవ శతాబ్దం చివరినాటికి ఆ వంశం బలహీనపడింది. చివరిరాజు పృథ్వీశ్వరుడు పిఠాపురం కేంద్రంగా నిలిచి, పోయిన ప్రాబల్యాన్ని తిరిగి సంపాదించే ప్రయత్నంలోనే అంతరించాడు.

గణపతిదేవుడు పదమూడవ శతాబ్దపు తొలి దశకంలో తీరంపైకి దండెత్తాడు. దివిసీమను జయించి, దాని ప్రభువు పినచోడిని రాజ్యభ్రష్టుణ్ణి చేయక, ఆయన కుమార్తెలు నారాంబ, పేరాంబలను పరిణయమాడాడు. వారి సోదరుడు జాయపను తన కొలువులోకి తీసుకొని గజసాహిణి పదవి ఇచ్చాడు. ఓడిన కుటుంబాన్ని తన కుటుంబంగా చేసుకొనడం ఆయన రాజనీతిలో ముఖ్యలక్షణం. ఆయన సోదరి నతవాడి రుద్రునికి భార్య అయినది. కుమార్తె గణపాంబను కోట బేతరాజుకు ఇచ్చాడు. మరొక కుమార్తె రుద్రమదేవిని నిడదవోలు చాళుక్య వీరభద్రునికి ఇచ్చి వివాహం చేశాడు. ఈ సంబంధాలను దేశపటం మీద గుర్తించి చూస్తే ఒక విషయం బోధపడుతుంది. కృష్ణకు ఉత్తరాన నతవాడి, దక్షిణతీరాన ధరణికోట, నదీముఖాన దివిసీమ. ఓరుగల్లునుంచి సముద్రం వరకు సాగే బాటకు ఇరువైపులా ఉన్న రాజగృహాలన్నీ కాకతీయులకు బంధుగృహాలైనవి. బండ్లమీద, పెరికెలమీద సరకు మోసే వర్తకునికి ఆ బంధుత్వమే రక్షణ.

ఈ మార్పు అన్ని పట్టణాలకూ సమానంగా మేలు చేయలేదు. వెలనాటి చోడుల అస్తమయంతో చందవోలు రాజధాని హోదాను కోల్పోయినది. వెలనాటి పాలనకు నియుక్తుడైన జాయపసేనాని చేబ్రోలును తన స్థానంగా చేసుకొన్నాడు. సంస్కృతంలో తామ్రపురిగా ప్రసిద్ధమైన ఆ ఊరిలో ఆయన వేయించిన 1213 నాటి శాసనం గణపతిదేవుని దివి దండయాత్రను, అయ్యవంశ చరిత్రను వివరిస్తుంది. అక్కడ ఆయన తండ్రి పేర చోడేశ్వరాలయం కట్టించి, దేవనర్తకులకు గృహాలు ఏర్పరచాడు. ఆ నర్తకుల కళను సమీపంనుంచి ఎరిగిన వాడు గనుకనే ఆయన నృత్తరత్నావళి వంటి ప్రామాణిక గ్రంథాన్ని రచించగలిగాడు. ఆలయం వెలిస్తే అర్చకులు, నర్తకులు, వాద్యగాండ్రు, నూనె, పూలు, వస్త్రాలు అందించే వృత్తులవారు వచ్చి చేరుతారు. చందవోలు తరుగుదల, చేబ్రోలు పెరుగుదల ఒకే తరంలో జరిగినవి. పట్టణాల పతనం సర్వత్ర ఒకేసారి సంభవించే విపత్తు కాదని, అధికారకేంద్రం జరిగినపుడు సంపద కూడా వెంట జరుగుతుందని ఈ రెండు ఊళ్ల చరిత్ర నిరూపిస్తున్నది.

రాజధాని, చెరువులు, సంతలు

గణపతిదేవుడు అనుమకొండకు చేరువనే ఉన్న ఓరుగల్లును రాజధానిగా తీర్చిదిద్దాడు. ఆయన ఆరంభించిన రాతికోటను రుద్రమదేవి పూర్తిచేసింది. కోటగోడలు రాజును కాపాడుతాయి గాని రాజధానికి అన్నం పెట్టలేవు. పట్టణంలో దున్నని, విత్తని జనం పెరగాలంటే పల్లెలో తినగా మిగిలే ధాన్యం పెరగాలి. వర్షాధారపు మెట్టసీమలో దానికి చెరువే ఉపాయం. రేచర్ల రుద్రుడు పాలంపేట వద్ద, మంత్రి బయ్యననాయకుని కుమారుడు జగదాల ముమ్మడి పాకాల వద్ద పెద్ద చెరువులు కట్టించారు. రాజు పేర గణపసముద్రాలు వెలసినవి. ఆయన సామంతులు, సేనానులు, రాజకుటుంబ స్త్రీలు సైతం తటాక నిర్మాణాన్ని పుణ్యకార్యంగా స్వీకరించారు. సప్తసంతానాలలో తటాకాన్ని చేర్చిన ధర్మశాస్త్ర సంప్రదాయం ఇక్కడ ఆర్థికవ్యవస్థకు పునాది అయినది.

చెరువుల కింద పండిన పంట సంతకు వచ్చింది. స్వదేశి, పరదేశి, నానాదేశి అని పేర్కొనబడే వర్తకసమూహాలు కాకతీయశాసనాలలో తరచుగా కానవస్తారు. వారు తమలో తాము సమయాలు ఏర్పరచుకొని, అమ్మే సరకు మీద ఇంత అని దేవాలయాలకు మగమ చెల్లించేవారు. ఓరుగల్లు మట్టెవాడలో లభించిన కాకతీయకాలపు వర్తకశాసనం అటువంటిది. నిత్యావసర వస్తువులు మొదలు సుగంధద్రవ్యాల వరకు ఎన్నో సరకుల పేర్లు అందులో ఉన్నవి. అంగడిలో ఏమేమి దొరికేవో తెలిపే జాబితాగా దానిని చదువుకోవచ్చు. ఆ సరకులలో చందనం, కర్పూరం, మిరియాలు వంటివి తెలంగాణపు నేలలో పండేవి కావు. వాటిలో కొన్ని సముద్రం దాటి రావలసినవే. ఓరుగల్లు అంగడికి మోటుపల్లి రేవు ముఖద్వారం వంటిది.

అభయశాసనం

మోటుపల్లి బాపట్లకు నైరృతిగా, చినగంజాం సమీపంలో సముద్రతీరాన ఉన్నది. పూర్వం ప్రకాశం జిల్లాలో ఉండిన ఈ గ్రామం 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చింది. దీనికి దేశి ఉయ్యకొండపట్టణం అని మరొక పేరున్నట్లు శాసనంవల్ల తెలుస్తున్నది. దేశి అనే మాట వర్తకశ్రేణులకు సంబంధించినది. ఉయ్యకొండ అనేది చోళుల బిరుదనామంతో కలిసిన తమిళపదం. చోళులు తీరాంధ్రంపై ప్రాబల్యం వహించిన రోజులలోనే ఇది దక్షిణాది వర్తకుల స్థావరంగా ఉండెనని ఈ పేరునుబట్టి ఊహించవచ్చు. అందువల్ల గణపతిదేవుడు కొత్త రేవును కట్టలేదు. ఉన్నరేవుకు నమ్మకాన్ని కల్పించాడు.

ఇక్కడి వీరభద్రాలయ మండపంలోని స్తంభంమీద శకవర్షం 1166, క్రోధి సంవత్సరంలో, అనగా క్రీ.శ. 1244-45లో ఈ శాసనం చెక్కబడింది. భాష కొంత సంస్కృతం, కొంత తెలుగు. అందులోని సారాంశం ఇది. ఒక దేశంనుంచి మరొక దేశానికి పోతున్న ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, తీరానికి కొట్టుకొని వచ్చినపుడు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సమస్తాన్ని పూర్వరాజులు బలాత్కారంగా తీసుకొనేవారు. ప్రాణంకంటె ధనమే మిన్న అని తలచి సముద్రయానమనే మహాసాహసానికి పూనుకొన్న వర్తకులపై దయ వహించి, కీర్తికోసం, ధర్మంకోసం, నియతమైన సుంకం తప్ప తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నట్లు గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పదింట ఒక వంతు. తరువాత చందనం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, కర్పూరతైలం, రాగి, తుత్తునాగం, సీసం, పట్టునూలు, పగడాలు, సుగంధద్రవ్యాలు, మిరియాలు, పట్టువస్త్రాలు, పోకలు వీటిలో దేనిమీద ఎంత సుంకమో వరుసగా పేర్కొనబడింది.

ఈ శాసనం ప్రత్యేకత గ్రహించాలంటే అప్పటి లోకవ్యవహారాన్ని చూడాలి. పగిలిన ఓడ సొమ్ము తీరాన్ని ఏలే ప్రభువుదే అనే ఆచారం మనదేశానికి పరిమితం కాదు. ఐరోపాలోనూ ప్రభువులు ఆ హక్కును చలాయించారు. మలబారు తీరంలో, తాను చేరవలసిన రేవు తప్పి గాలికి మరొక రేవుకు వచ్చిన ఓడను దైవం పంపిన సొమ్ముగా భావించి దోచుకొనేవారని మార్కోపోలో వ్రాశాడు. పదిహేనవ శతాబ్దంలో కళ్లికోటకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్, ఇతర రేవులలో ఉన్న ఆ దురాచారం అక్కడ లేకపోవడాన్ని విశేషంగా చెప్పాడు. రెండువందల సంవత్సరాల తరువాత కూడా ఒక యాత్రికునికి వింతగా తోచిన ధర్మాన్ని గణపతిదేవుడు 1244లోనే శిలాక్షరం చేశాడు.

శాస్త్రదృష్టితో చూసినా దీనికి ఆధారం ఉన్నది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నావధ్యక్షుని విధులను చెప్పేచోట, గాలికి దెబ్బతిని వచ్చిన ఓడను తండ్రివలె ఆదరించాలని, నీట తడిసి చెడిన సరకుకు సుంకం మాఫీ చేయాలని లేదా సగమే తీసుకోవాలని విధించాడు. అంటే శాస్త్రం ఒకదారి, ఆచారం ఒకదారిగా శతాబ్దాలు నడిచినవన్నమాట. గణపతిదేవుని శాసనం ఆచారాన్ని శాస్త్రం దగ్గరకు తెచ్చింది. పూర్వరాజుల పద్ధతి తప్పని ఒక రాజు బహిరంగంగా చెప్పడం, అదీ ప్రశస్తులతో నిండిన శాసనవాఙ్మయంలో చెప్పడం అసాధారణమైన విషయం.

ఇది కేవలం కరుణా? లేక రాబడిమీది దృష్టా? శాసనం రెంటినీ దాచలేదు. దయ, ధర్మం, కీర్తి పేర్కొన్న చోటనే సుంకపు పట్టికా ఉన్నది. ఒక ఓడను దోచుకొంటే ఒకసారి లాభం. ఆ వార్త రేవులన్నింటా పాకితే తరువాతి ఓడలు ఆ తీరానికి దూరంగా తొలగిపోతాయి. సముద్రవర్తకుడు తుఫానును తప్పించలేడు. అతడు లెక్కవేయగలిగినవి రెండే, ఒడ్డున తనకు ఎదురయ్యే మనుషుల నడవడి, తాను చెల్లించవలసిన సుంకం. ఈ శాసనం ఆ రెంటినీ నిశ్చయపరచింది. సుంకం ఎంతో ముందే తెలిసినపుడు బేరం కుదురుతుంది, పెట్టుబడి నిలుస్తుంది, అప్పు పుడుతుంది. అందువల్ల ఇక్కడ ధర్మం, అర్థం పరస్పర విరుద్ధాలు కావు. ఒకదానిని ఒకటి పోషించినవి.

మరొక అంశం గమనింపదగినది. దూరదేశాలనుంచి వచ్చిన వర్తకులలో ఎందరు సంస్కృతం, తెలుగు చదవగలరు? శాసనం వారికి అభయమిచ్చినా, దానిని రోజూ చూడవలసినవారు రేవులోని సుంకాధికారులు, తీరగ్రామాల పెద్దలు. రాతిమీది పట్టిక ఎదురుగా ఉండగా అంతకుమించి అడగడం అధికారికి కష్టం. రాజు పరదేశికి ఇచ్చిన మాట నిజానికి తన ఉద్యోగులకు వేసిన కట్టడి. చెరలో ఉండి పరుల దయతో బయటపడిన రాజు, దిక్కులేక ఒడ్డున పడినవారి కష్టాన్ని ఎరిగి ఈ శాసనం వేయించాడని భావించడం మనోహరమైన ఊహ. శాసనం ఆ సంగతి చెప్పదు గనుక దానిని ఊహగానే ఉంచడం ఉచితం.

మోటుపల్లిలో దొరికిన చీనా పింగాణీ పెంకులు ఈ రేవుకు తూర్పుదేశాలతో ఉన్న సంబంధాన్ని రుజువు చేసినవి. శాసనంలోని చీనా కర్పూరం, పట్టు అనే మాటలు అలంకారాలు కావని, సరకుల పేర్లేనని ఆ పెంకులు సాక్ష్యం చెబుతున్నవి. ఇక్కడినుంచి బయటికి పోయిన వాటిలో ప్రధానమైనది వస్త్రం. కృష్ణకు దక్షిణాన నల్లరేగడి నేలలలో పండిన ప్రత్తి, పల్లెల సాలెవారి మగ్గాలమీద నేతగా మారి రేవుకు చేరేది.

గురుభక్తి, మఠస్థాపన

గణపతిదేవుడు శైవదీక్షాపరుడు. గోళకీమఠ సంప్రదాయానికి చెందిన విశ్వేశ్వరశివాచార్యులు ఆయనకు దీక్షాగురువు. గురువుకు ఇస్తానన్న మందడం గ్రామాన్ని, వెలగపూడితోపాటు 1261లో రుద్రమదేవి ధారపోసినట్లు మల్కాపురం శాసనం తెలుపుతున్నది. నేటి అమరావతి రాజధాని ప్రాంతంలోని ఆ గ్రామాలలో శివాచార్యులు ఆలయం, మఠం, విద్యాస్థానం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నెలకొల్పి, వేదాలను, శాస్త్రాలను చెప్పే అధ్యాపకులకు, వైద్యునికి, వృత్తిపనివారికి జీవనాధారాలు కల్పించారు. ఒక పల్లెకు పట్టణలక్షణాలు ఏ విధంగా సమకూరుతాయో ఈ శాసనం విపులంగా చూపుతుంది. విద్య, వైద్యం, అన్నదానం ఒకచోట చేరినపుడు ఆ స్థలం పరిసర గ్రామాలకు కేంద్రమవుతుంది. మోటుపల్లిలో వర్తకం చేసిన పనిని మందడంలో మఠం చేసింది.

అవసానదశ

గణపతిదేవుని ప్రాభవం దక్షిణాన కాంచీపురం వరకు వ్యాపించింది. నెల్లూరు మనుమసిద్ధి దాయాదుల చేత రాజ్యభ్రష్టుడైనపుడు తిక్కనసోమయాజి ఓరుగల్లుకు వచ్చి గణపతిదేవుని సాయం అర్థించినట్లు సోమదేవరాజీయం చెబుతుంది. కాకతీయసేన నెల్లూరును తిరిగి మనుమసిద్ధికి ఇప్పించింది. 1250 ప్రాంతంలో కాకతీయ సేనాని కంచిలో దానశాసనం వేయించాడు. కాని విస్తరణకు హద్దు ఉన్నది. పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు ఉత్తరానికి దండెత్తి 1263 ప్రాంతంలో నెల్లూరు సమీపాన ముత్తుకూరు వద్ద కాకతీయ పక్షాన్ని ఓడించాడు. మనుమసిద్ధి ఆ కల్లోలంలో మరణించాడు. కంచి, నెల్లూరు చేజారినవి.

అప్పటికే వృద్ధుడైన గణపతిదేవుడు కుమార్తె రుద్రమదేవిని పాలనలో భాగస్వామిని చేసి ఉన్నాడు. ఈ పరాజయం తరువాత రాజ్యభారాన్ని పూర్తిగా ఆమెకు విడిచి, కొంతకాలం జీవించి కీర్తిశేషుడయ్యాడు. ఓటమితో ఆరంభమైన జీవితం ఓటమి నీడలోనే ముగిసింది. అయితే ఆ ఓటమి దక్షిణపు కొసను మాత్రమే తాకింది. కృష్ణాతీరపు దారి, మోటుపల్లి రేవు కాకతీయుల చేతిలోనే నిలిచినవి. దండయాత్రలతో గెలిచినది పోయినది, ఏర్పాటుతో నిలిపినది మిగిలినది.

అభయం తరువాతి కథ

పదమూడవ శతాబ్దం చివరి దశకంలో ఈ తీరాన్ని గురించి తెలుసుకొని వ్రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అన్నాడు. అది మోటుపల్లి పేరే. వజ్రాలను గురించి, సాలెగూటివలె సన్నని వస్త్రాలను గురించి, న్యాయంగా పాలించే రాణిని గురించి ఆయన వర్ణించాడు. రాణిని గణపతిదేవుని భార్యగా చెప్పడం ఆయన పొరపాటు. చందుపట్ల శాసనాన్నిబట్టి రుద్రమదేవి 1289లోనే మరణించినది గనుక ఆయన విన్నది అంతకుముందరి వార్త కావాలి. ఈ పొరపాట్లకంటె ఆ పేరు ముఖ్యమైనది. లోపలిదేశపు మహాసామ్రాజ్యాన్ని బయటిలోకం దాని రేవు పేరుతో గుర్తించింది. ఓరుగల్లు పేరు వినని నావికులకు మోటుపల్లి తెలుసు.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాలకు లోబడడంతో ఆ ఏర్పాటు తెగింది. లోపలి రాజధాని కూలినపుడు రేవుకు వచ్చే సరకు, రేవునుంచి పోయే సరకు రెండూ తగ్గడం సహజం. తరువాత అద్దంకి, కొండవీడు కేంద్రాలుగా తీరాన్ని ఏలిన రెడ్డిరాజులు మోటుపల్లిని తిరిగి నిలబెట్టడానికి పూనుకొన్నారు. 1358లో అనపోతారెడ్డి అక్కడే మరొక శాసనం వేయించాడు. వచ్చి స్థిరపడదలచిన వర్తకులను ఆదరిస్తామని, సంతానం లేక మరణించిన వర్తకుని సొమ్మును రాజు తీసుకొనే అపుత్రికదండాన్ని విడిచిపెడుతున్నామని, కొన్ని సుంకాలు తగ్గిస్తున్నామని అందులో ప్రకటించాడు. గణపతిదేవుడు ఓడ పగిలిన వర్తకునికి అభయమిస్తే, అనపోతారెడ్డి పరదేశంలో కన్నుమూసిన వర్తకుని ఆస్తికి అభయమిచ్చాడు. మొదటిది సముద్రభయానికి, రెండవది మరణభయానికి సమాధానం. కుమారగిరిరెడ్డి కాలంలో అవచి తిప్పయసెట్టి చీనా పట్టు, సింహళపు ఏనుగులు, హురుముంజి గుర్రాలు తెప్పించేవాడని శ్రీనాథుడు ఆయనకు అంకితమిచ్చిన హరవిలాసంవల్ల తెలుస్తున్నది.

ఈ వైభవమూ చిరకాలం నిలవలేదు. 1390లో విజయనగర రాజకుమారుడు దేవరాయలు మోటుపల్లిలో వేయించిన శాసనం రేవు చేతులు మారినట్లు తెలుపుతున్నది. రెడ్డిరాజ్యం పదిహేనవ శతాబ్దంలో అంతరించింది. విజయనగరానికి పడమటి తీరపు రేవులు దగ్గర. గోలకొండ కుతుబ్‌షాహీలకు మచిలీపట్నం అనుకూలం. 1606లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఈ తీరానికి వచ్చినపుడు వర్తకశాలలు పెట్టినది మచిలీపట్నంలో, నిజాంపట్టణంలో. మోటుపల్లి వారి దృష్టిలోకి రాలేదు. ఇసుకతీరం మీది ఆ రేవుకు ప్రకృతి ఇచ్చిన రక్షణ తక్కువ. దాని బలమంతా రాజశాసనంలోను, లోపలి రాజధానికి పోయే బాటలోను ఉండేది. ఆ రెండూ తొలగిన తరువాత మోటుపల్లి పల్లెగా మిగిలింది.

ఉపసంహారం

గణపతిదేవుని జీవితంలో యుద్ధాలు అనేకం. కంచి విజయం ఆయన కళ్లయెదుటనే కరిగిపోయినది. ఓరుగల్లు రాజ్యం ఆయన తరువాత అరువదేండ్లకు అస్తమించింది. మోటుపల్లి రేవు కూడా అంతరించింది. అయినా నూటపద్నాలుగు సంవత్సరాల తరువాత వేరొక వంశపు రాజు అదే స్థలంలో అదే ధర్మాన్ని పునరుద్ధరించి విస్తరించవలసి వచ్చిందంటే, ఆ శాసనం కేవలం ఒక రాజు ఔదార్యంగా గాక రేవు బ్రతకడానికి ఆవశ్యకమైన నియమంగా గుర్తింపు పొందిందని భావించాలి. ఒకసారి ఇచ్చిన అభయం తరతరాలకు తనంతట తాను చెల్లదని కూడా ఆ పునరుద్ధరణ తెలుపుతున్నది. పొలంలో ప్రత్తి, పల్లెలో మగ్గం, బాటలో భద్రత, రేవులో నియతమైన సుంకం, ఒడ్డున పడినవానికి రక్షణ, ఈ అయిదింటిని ఒక పాలనలో కూర్చిన ప్రభువు గణపతిదేవుడు. మధ్యయుగ పట్టణాల ఉత్థానపతనాలను పరిశీలించేవారు రాజవంశాల కాలక్రమంతోపాటు ఈ కూర్పు ఎక్కడ కుదిరినదో, ఎక్కడ సడలినదో విచారించవలసి ఉన్నది. వీరభద్రాలయ స్తంభంమీది శాసనం ఆ విచారణకు ఆంధ్రదేశం అందించిన విలువైన ఆధారం.